మొటిమలు - మేలనుకొని చేయు కీడు

ఆరోగ్య కార్యక్రమములకు శ్రోతలు వ్రాయు ఉత్తరములలో ఒక విశేషమును మేము చాలకాలముగా గమనించుచున్నాము. మధుమేహమును గురించి అడుగువారును, మోకాళ్ళ నొప్పులను గురించి అడుగువారును ఊరు, ఇంటిపేరు, వయస్సుతో సహా వివరముగా వ్రాయుదురు. ముఖముపై మొటిమలను గురించి అడుగువారు మాత్రము పేరు వ్రాయరు. "ఒక సోదరి, హనుమకొండ" అనియో, "ఒక విద్యార్థి, నర్సంపేట" అనియో ముగింతురు. ఇంత చిన్న విషయమునకు ఇంత దాపరిక మేల అని పెద్దలకు తోచవచ్చును. కాని పదునేడేండ్ల పిల్లకు ఇది చిన్న విషయము కాదు. ఉదయము అద్దము ముందు నిలిచినప్పుడు కలిగిన దిగులు ఆనాటి చదువును, స్నేహమును, భోజనమును కూడ వెన్నంటి యుండును.

మేము వైద్యులము కాము. వైద్యులను స్టూడియోకు పిలిచి, శ్రోతల పక్షమున ప్రశ్నలడిగి, వారు చెప్పినదానిని మీ ఇంటికి చేర్చుట మా వృత్తి. ఆ వృత్తిలో నేర్చుకొన్నది కొంత, మా ఇంటనే మేము చేసిన ఒక పొరపాటువలన నేర్చుకొన్నది మరికొంత - ఈ రెండింటిని కలిపి నేడు మీ ముందుంచుచున్నాము. మేము చెప్పదలచినది ఒక్కటే. మొటిమ చేయు హాని కొంత కలదు. కాని పెక్కు ఇండ్లలో, దానిని త్వరగా పోగొట్టవలెనని మనము చేయు పనుల హాని అంతకంటె ఎక్కువగా నున్నది.

ముందుగా మొటిమ అనగా ఏమో తెలిసికొందము. ఇది నిన్న మొన్న పుట్టిన వ్యాధి కాదు. సుశ్రుత సంహితలో దీనికి ముఖదూషిక అని పేరు. యౌవనములో నున్నవారి ముఖముపై బూరుగుచెట్టు ముండ్లవలె లేచునవని అందు వర్ణింపబడినది. మన అడవులలో బూరుగుమాను బెరడును ఒకసారి తడిమి చూచినవారికి ఆ పోలిక ఎంత సరిపోయినదో బోధపడును. యౌవనములో నూటికి సుమారు 85 మందికి ఏదో ఒక మోతాదులో మొటిమలు వచ్చునని వైద్యగ్రంథములు చెప్పుచున్నవి. అనగా తరగతిలో మొటిమలు వచ్చిన పిల్ల వింత కాదు, రానిపిల్లయే అరుదు.

మన చర్మములో వెంట్రుక మొలచు ప్రతి రంధ్రము ప్రక్కన ఒక సన్నని తైలగ్రంథి కలదు. అందుండి ఊరు నూనె చర్మమును మెత్తగా నుంచును. ముఖము, వీపు, ఎదురురొమ్ము - ఈ చోట్ల ఆ గ్రంథులు పెద్దవి. బాల్యము గడచి యౌవనము ప్రవేశించునప్పుడు ఆండ్రోజెన్లు అను హార్మోనులు, మగపిల్లలలోను ఆడుపిల్లలలోను గూడ, అధికమగును. వాని ప్రేరణవలన నూనె ఎక్కువగా ఊరును. అదే సమయమున రంధ్రపు మూతివద్ద రాలిపోవలసిన మృతకణములు రాలక, ఒకదాని నొకటి అంటుకొని, బిరడావలె అడ్డుపడును. ఆ బిరడాపై చర్మము మూసికొనియున్నచో తెల్లని చిన్న గింజవలె కనబడును. మూతి తెరచియున్నచో నల్లగా కనబడును. దీనినే బ్లాక్‌హెడ్ అందురు. ఆ నలుపు మురికి కాదు. చర్మమునకు రంగు నిచ్చు మెలనిను, గాలి తగిలి మారిన నూనె కలసి ఇచ్చిన వర్ణమది. ఎంత రుద్దినను పోదు.

అందరి చర్మముపైనను సహజముగా నివసించు సూక్ష్మజీవి ఒకటి కలదు. దాని పేరు క్యూటిబాక్టీరియం ఆక్నెస్. మూతపడిన రంధ్రములో, గాలి సోకనిచోట, నూనె సమృద్ధిగా దొరకినప్పుడు అది వృద్ధిచెందును. శరీరము దానిని ఎదిరించును. ఆ పోరాటమే ఎరుపు, వాపు, నొప్పి, చీము. లోపల రంధ్రపు గోడ చిట్లినచో వాపు చుట్టుప్రక్కలకు ప్రాకి, గడ్డకట్టి, మానిన పిమ్మట గుంట మిగులును.

ఈ నాలుగు మాటలు తెలిసిన పిమ్మట మన ఇండ్లలో వినబడు కొన్ని తీర్పులు నిలువవు. "శుభ్రత లేదు" అనుట సరికాదు, మొటిమ బయటి మురికివలన పుట్టలేదు గనుక. "ఒంటికి వేడి చేసినది" అనుట ఆడుకమాటయే గాని కారణము కాదు. "పెండ్లి చేసిన పోవును" అనుట అంతకంటె అన్యాయము. వయస్సు గడచినకొద్దీ పెక్కుమందికి హార్మోనుల ఉధృతి సర్దుకొనును. పెండ్లి ఆ వయస్సుననే జరుగుటచే కీర్తి దానికి దక్కినది. ఇరువదియైదేండ్లు దాటిన స్త్రీలకు కూడ మొటిమలు వచ్చుట కలదు. నెలసరి క్రమము తప్పి, గడ్డముపై వెంట్రుకలు మొలచుచు, మొటిమలు గూడ తగ్గకున్నచో అండాశయములకు సంబంధించిన హార్మోనుల లోపము ఉండవచ్చును. అట్టివారు ముఖమునకు పూతలు వెదకుట మాని వైద్యురాలిని చూడవలెను.

ఇక మన దినచర్యలో మొటిమలను పెంచునవి ఏవో చూతము. మొదటిది మన చేయి.

మొటిమ కనబడగానే గోళ్ళతో నొక్కవలెనని ఎవరికైనను తోచును. నొక్కినప్పుడు చీము కొంత బయటకు వచ్చును, కొంత లోపలికి పోవును. లోపలికి పోయినది రంధ్రపు గోడను చీల్చి వాపును పెంచును. నాలుగు దినములలో తగ్గవలసినది నాలుగు వారములు నిలుచును. మనవంటి చామనచాయ చర్మమునకు మరియొక చిక్కు కలదు. వాపు వచ్చినచోట చర్మము అధికముగా మెలనినును తయారుచేయును. అందుచే మొటిమ పోయినను నల్లని మచ్చ నెలలకొలది మిగులును. ఎండ తగిలినకొద్దీ ఆ మచ్చ ముదురును. గిల్లుట మానినచో సగము మచ్చలు రానేరవని ఒక వైద్యుడు మాతో అనుచుండెడివారు. ముఖ్యముగా ముక్కు చుట్టును, పై పెదవిమీదను నొక్కరాదు. అచ్చటి రక్తనాళములకు తలలోపలి నాళములతో సంబంధమున్నది. అపాయము అరుదే యైనను, వచ్చినచో చిన్నది కాదు.

రెండవది అతిశుభ్రత. జిడ్డు పోవలెనని రోజునకు ఆరుసార్లు సబ్బు రుద్దువారున్నారు. గరుకు తువాలుతో ఒరయువారున్నారు. దానివలన చర్మపు పైపొర పొడిబారి, మండి, పగుళ్ళు వారును. ఎర్రబడిన చర్మమునకు ఏ మందును పడదు. ఉదయము ఒకసారి, సాయంకాలము ఒకసారి, ఘాటులేని సబ్బుతోనో ముఖము కడుగు ద్రవముతోనో వ్రేళ్ళ కొనలతో మృదువుగా కడిగి, మెత్తని గుడ్డతో అద్దుకొన్న చాలును. మన వరంగల్లు వేసవిలో, ఎండలో తిరిగి చెమటతో తడిసి వచ్చినప్పుడు మంచినీటితో మరియొకసారి కడుగుకొనుట మంచిదే. ఒంటి తువాలు ఎవరిది వారికి వేరుగా నుండవలెను.

మూడవది తలనూనె. ఈ మాట చెప్పుటకు మాకు కొంత సంకోచము గలదు. కొబ్బరినూనె పట్టించి నున్నగా జడవేయుట మన తల్లుల ప్రేమకు గుర్తు. జడ వేయుట ముగిసిన పిమ్మట చేతికి మిగిలిన నూనెను బిడ్డ ముఖమునకు కూడ పూయు తల్లులు కలరు. కాని కొబ్బరినూనె రంధ్రములను మూసివేయు స్వభావము కలది. నుదుటిపైన, చెంపలపక్క వెంట్రుకల అంచున వరుసగా చిన్నచిన్న పొక్కులు కలవారు ఒకసారి తమ తలనూనెను అనుమానింపవలెను. నూనె మానవలెనని మేము చెప్పుటలేదు. తలస్నానమునకు గంట ముందు మాడుకు పట్టించి, తరువాత కడిగివేయవచ్చును. నుదుటికి దిగకుండ చూడవచ్చును. రాత్రి నూనెతలతో పడుకొనినచో ఆ నూనె దిండునకును, దిండునుండి చెంపకును చేరును. కావున దిండుగలీబును వారమునకు రెండుమార్లైనను మార్చవలెను. ముఖమునకు వాడు క్రీములు, పౌడర్లు కొనునప్పుడు రంధ్రములను మూయనివని డబ్బాపై వ్రాసియున్నవానిని ఎంచుకొనుట మేలు. పెండ్లికో నాట్యప్రదర్శనకో వేసికొన్న మేకప్పును కడుగకుండ నిద్రపోరాదు.

నాలుగవది వంటయింటి వైద్యము. నిమ్మరసము, టూత్‌పేస్టు, వంటసోడా - ఈ మూడును ఇరుగుపొరుగు సలహాలలో తరచుగా వినబడును. నిమ్మరసములోని ఆమ్లము చర్మమును కాల్చును. అది పూసికొని ఎండలోనికి వెళ్ళినచో బొబ్బలెక్కి నల్లమచ్చలు పడవచ్చును. టూత్‌పేస్టు పండ్లకొరకు చేసినది, చెంపకొరకు కాదు. అది మొటిమను ఎండబెట్టినట్లు కనబడును గాని చుట్టునున్న చర్మమును పుండు చేయును. సోడా క్షారము, చర్మపు సహజమైన ఆమ్లగుణమును అది చెరచును. సున్నిపిండితో నలుగు పెట్టుకొనుట మన ఆచారము. ఆరోగ్యముగా నున్న ఒంటికి దానివలన కీడు లేదు. కాని చీముపొక్కులున్న ముఖముపై ఆ గరుకుపిండి రుద్దుట పుండుపై ఇసుక రుద్దినట్లే యగును.

అయిదవది ఒరిపిడి, ఉక్క. హెల్మెట్టు పట్టీ ఆనుచోట గడ్డముపైన, టోపీ అంచు ఆనుచోట నుదుటిపైన మొటిమలు వచ్చుట కలదు. 2020, 2021 సంవత్సరములలో కరోనా కాలమున మాస్కుల క్రింద మొటిమలు లేచిన సంగతి పెక్కుమందికి అనుభవమే. హెల్మెట్టు మానరాదు, అది ప్రాణరక్షకము. దాని లోపలి గుడ్డను అప్పుడప్పుడు ఉతికి ఆరవేసికొనవలెను. తలకు పలుచని నూలుగుడ్డ కట్టుకొని పైన హెల్మెట్టు పెట్టుకొనవచ్చును. సెల్‌ఫోను అద్దమును చెంపకు గట్టిగా ఆన్చి గంటలకొలది మాటలాడువారికిని ఇదే మాట వర్తించును. క్రొత్తగా గడ్డము గీసికొనుచున్న యువకులు వెంట్రుకలను ముందు నీటితో మెత్తపరచి, అవి మొలచు దిశగానే కత్తిని నడుపవలెను. ఎదురు గీచినచో మొటిమల తలలు తెగును.

ఆరవది ఆహారము. ఈ విషయమున ఇంట తగవు లెక్కువ. మామిడిపండు, గుడ్డు, ఆవకాయ, నూనెవంట - వీనిలో ప్రతిదానిమీదను నేరము మోపబడినది. కారము వలనగాని, నూనెవంట వలనగాని మొటిమలు వచ్చునని గట్టి ఆధారము లేదు. అయితే ఆహారమునకు అసలే సంబంధము లేదనుటయు సరికాదు. 2002లో లోరెన్ కార్డెయిన్ అను అమెరికా శాస్త్రవేత్తయు, ఆయన సహచరులును ఒక పరిశీలనను ప్రకటించిరి. పాపువా న్యూగినీకి చెందిన కిటావా అను ద్వీపములో 1200 మందిని పరీక్షింపగా ఒక్కరికిని మొటిమ కనబడలేదు. దుంపలు, పండ్లు, చేపలు, కొబ్బరి వారి ఆహారము. చక్కెర, మైదా, సీసాల శీతలపానీయములు వారు దాదాపు ఎరుగరు. వారి జీవనములో ఇతర భేదములును కలవు గనుక అంతయు ఆహారపు మహిమయే యనరాదు. కాని రక్తములో చక్కెరను ఒక్కసారిగా పెంచు పదార్థములు హార్మోనులను రెచ్చగొట్టి మొటిమలను పెంచునని తరువాతి పరిశోధనలు కూడ సూచించుచున్నవి. కావున శీతలపానీయములు, మిఠాయిలు, బేకరీ తిండ్లు తగ్గించుట మంచిది. పళ్ళెములో తెల్లన్నము కొంత తగ్గించి పప్పు, కూరలు, అప్పుడప్పుడు జొన్నరొట్టె పెంచుట మంచిది. వ్యాయామశాలలకు పోవు యువకులు పాలవిరుగుడు నుండి చేసిన ప్రోటీను పొడిని త్రాగుట మొదలిడిన పిమ్మట మొటిమలు పెరిగినచో, ఆ పొడిని కొంతకాలము మాని చూడవలెను. పాలకు మొటిమలకు గల సంబంధము అంత స్పష్టము కాదు. ఎదుగు పిల్లల పాలు, గుడ్లు మాన్పించి కృశింపజేయుట తగదు.

నిద్రను కూడ మరువరాదు. అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయమున విద్యార్థులను పరిశీలించి, పరీక్షల ఒత్తిడి పెరిగినకొద్దీ మొటిమలు ముదిరినవని 2003లో ప్రకటించిరి. హనుమకొండ హాస్టళ్ళలో రాత్రి రెండు గంటలదాక దీపము ఆర్పని బిడ్డల తలిదండ్రులకు ఈ సంగతి తెలియుట అవసరము.

ఇంతవరకు చెప్పినవన్నియు చిన్న తప్పులు. మానుకొన్న వెంటనే సర్దుకొనునట్టివి. ఇప్పుడు చెప్పబోవునది అట్టిది కాదు. దీనిని చెప్పుటకే ఈ ప్రసంగమునకు పూనుకొంటిమి.

మా చెల్లెలి కూతురు ఇంటర్మీడియేటు చదువునప్పుడు ఆమె చెంపలపై మొటిమలు లేచినవి. మా చెల్లెలు వీధిచివర మందుల దుకాణమునకు వెళ్ళి అడుగగా, చీటీ ఏదియు లేకుండగనే ఒక చిన్న ట్యూబు ఇచ్చిరి. రాత్రి పూసిరి. మూడు దినములలో ఎరుపు పోయినది. వారము తిరుగునప్పటికి ముఖము నిగనిగలాడినది, రంగు కూడ తేరినట్లుండెను. ఇల్లంతయు సంతోషించినది. మొదటి ట్యూబు అయిపోయినప్పుడు రెండవదానిని కొని తెచ్చినది మేమే. ఆరోగ్యమును గురించి ఊరందరికి చెప్పు వృత్తిలో నుండియు, ఆ ట్యూబుపై ఏమి వ్రాసియున్నదో చదువవలెనని మాకు తోచలేదు. ఫలితము కంటికి కనబడుచుండగా చదువుట ఎందులకని అనుకొంటిమి కాబోలు.

మూడు నాలుగు నెలలు గడచినవి. ఆ పిల్ల ఎండలోనికి పోయినచో ముఖము మండసాగెను. రెండు దినములు పూత మానినచో మునుపటికంటె రెట్టింపు పొక్కులు లేచుచుండెను. మరల పూసినచో తగ్గుచుండెను. కావున పూత మానుటకు భయము. చెంపలపై సన్నని ఎర్రని నరములు తేలినవి. నూగువెంట్రుకలు దట్టమైనవి. ఆ సంవత్సరము సద్దుల బతుకమ్మనాడు ఇంటిల్లిపాదియు పద్మాక్షి గుట్ట దిక్కునకు బయలుదేరితిమి. తంగేడు, గునుగు పూలు ఉదయము నుండియు ఆ పిల్లయే పేర్చినది. తీరా బయలుదేరు వేళకు గదిలోనుండి రాలేదు. మేము పోయి పిలిచితిమి. "నేను రాను మామయ్యా. అక్కడ లైట్లల్ల అందరు నా మొఖమే చూస్తరు" అన్నది. తాను పేర్చిన బతుకమ్మను తల్లి చేతికిచ్చి, తలుపు వేసికొన్నది.

మరునాటి వారమున చర్మవైద్యురాలి యొద్దకు తీసికొనిపోతిమి. ఆమె ముఖమును చూచుటకు ముందు ట్యూబును అడిగినది. దానిపై సన్నని అక్షరములలో క్లోబెటసాల్ అని యున్నది. అది స్టీరాయిడు, అందును మిక్కిలి తీవ్రమైనది. గజ్జి, తామర కాని కొన్ని మొండి చర్మవ్యాధులకు, అదియు ముఖమునకు కాక, కొద్దిదినములు మాత్రము వైద్యులు వ్రాయునట్టిది. "ఇది మొటిమను మాన్పలేదు. ఎరుపును అణచి కనబడకుండ చేసినది. ఆ లోపల చర్మమును పలుచన చేసినది" అని ఆమె వివరించినది. స్టీరాయిడు వాపును అణచును గనుక మొదట అద్భుతముగా తోచును. క్రమముగా చర్మపు బలము క్షీణించును, సూక్ష్మరక్తనాళములు పైకి తేలును, స్టీరాయిడే స్వయముగా క్రొత్త మొటిమలను పుట్టించును. చర్మము ఆ పూతకు అలవాటుపడి, మానినంతనే భగ్గుమనును. మత్తునకు దాసుడైనవాని స్థితి వంటిదే ఆ చర్మపు స్థితి.

ఇది మా ఇంటి దురదృష్టము మాత్రమే కాదు. భారత చర్మవైద్యుల సంఘపు పత్రికలో 2011లో ఒక పరిశీలన వెలువడినది. దేశములోని 12 కేంద్రములలో ముఖచర్మవ్యాధులతో వచ్చిన 2926 మందిని విచారింపగా, వారిలో 433 మంది ముఖమునకు స్టీరాయిడు పూయుచున్నట్లు తేలినది. తెల్లబడుటకో మామూలు ముఖపు క్రీముగనో వాడినవారు 126 మంది. మొటిమలకని వాడినవారు 104 మంది. ఈ 433 మందిలో 257 మందికి ఆ సలహా ఇచ్చినవారు వైద్యులే కారు. 392 మందికి కీడు జరిగినది. ఆ కీడులలో మొదటిది ఏదనుకొందురు? మొటిమలు పుట్టుటయు, ఉన్న మొటిమలు పెరుగుటయు!

చర్మవైద్యులు పలుసంవత్సరములు మొరపెట్టుకొన్న పిమ్మట, 2018లో కేంద్ర ఆరోగ్యశాఖ 14 రకముల స్టీరాయిడు పూతమందులను షెడ్యూల్ హెచ్‌లో చేర్చినది. అనగా వైద్యుని చీటీ లేనిదే వానిని అమ్మరాదు. చట్టము మంచిదే. కాని అడుగువారు ఉన్నంతకాలము ఇచ్చువారు ఉందురు. కావున మన ఇంటి గడపయొద్దనే కాపలా ఉండవలెను. ఇప్పుడు మీ ఇంట ముఖమునకు వాడుచున్న ట్యూబును ఒకసారి తెచ్చి, దీపము వెలుతురున దాని వెనుక వ్రాసినదానిని చదువుడు. క్లోబెటసాల్, బీటామెథసోన్, మొమెటసోన్, ఫ్లుయోసినోలోన్ - ఈ పేర్లలో ఏదియున్నను అది స్టీరాయిడు. వైద్యుడు వ్రాయకుండ దానిని ముఖమునకు పూయరాదు. నెలల తరబడి పూయుచున్నచో ఇంటనే హఠాత్తుగా మానుటకు పూనుకొనక, ట్యూబును వెంటతీసికొని చర్మవైద్యుని యొద్దకు పోవలెను. వారు క్రమముగా మాన్పించు మార్గము చూపుదురు. ఈ పట్టణమున పేదవారికైనను దారి కలదు. కాకతీయ వైద్యకళాశాలకు అనుబంధమైన మహాత్మాగాంధీ స్మారక ఆసుపత్రి, మనమందరము ఎం.జి.ఎం. అని పిలుచునది, ప్రభుత్వపుది. అందు చర్మవ్యాధుల విభాగము కలదు.

మరి మొటిమలకు అసలైన మందులు లేవా? కలవు. రంధ్రపు బిరడాను కరగించు అడాపలీన్, సూక్ష్మజీవులను అణచు బెంజాయిల్ పెరాక్సైడ్ అందు ముఖ్యమైనవి. వీని గుణము స్టీరాయిడునకు విపరీతము. మొదటి వారములలో కొంచెము ఎరుపు, పొట్టు కనబడును. మేలు కనబడుటకు ఎనిమిది నుండి పన్నెండు వారములు పట్టును. పెక్కుమంది రెండవ వారముననే విసిగి విడిచిపెట్టి, మూడు దినములలో పనిచేయు ట్యూబును వెదకికొని పోవుదురు. అచ్చటనే మోసపోవుదురు. మందును ముఖమంతటికి కలిపి బఠాణీగింజంత తీసికొని పలుచగా పూయవలెను, మొటిమ మొటిమకు అద్దరాదు. అడాపలీన్ రాత్రివేళ పూయవలెను. పెరాక్సైడ్ తగిలినచో రంగుబట్టలు వెలిసిపోవును, తెల్లని దిండుగలీబు వాడుడు. గర్భిణులు ఏ మందునైనను వైద్యుని అడుగకుండ వాడరాదు. గడ్డలుగా లేచి గుంటలు పడుచున్న మొటిమలకు ఐసోట్రెటినాయిన్ అను మాత్ర వ్రాయుదురు. అది చాల శక్తిగలది. గర్భవతి తీసికొన్నచో శిశువునకు ఘోరమైన అంగవైకల్యములు కలుగును. కావున దానిని ఒకరి చీటీపై మరియొకరు కొనుట ఎంతమాత్రమును తగదు. అట్టి తీవ్రమైన మొటిమలు ఉన్నవారు "వయస్సుతో అవే పోవును" అని ఎదురుచూడనురాదు. ఆలస్యమైనకొద్దీ గుంటలు స్థిరపడును.

ఇంటిపెద్దలకు ఒక మనవి. ఆ 126 మంది సంగతి మరియొకసారి తలచుకొనుడు. వారిలో కొందరు వ్యాధికి కాదు, తెలుపునకు ఆశపడి ఆ పూతను వాడినారు. ఆ ఆశ పిల్లలకు పుట్టుకతో వచ్చినది కాదు, మన మాటలవలన వచ్చినది. మనకు సమీపమున పాలంపేటలో, 1213లో రేచర్ల రుద్రుడు కట్టించిన రామప్పగుడి కలదు. 2021లో అది ప్రపంచ వారసత్వ సంపదగా గుర్తింపబడినది. ఆ గుడి చూరుక్రింద నిలిచిన మదనికలను చూచుటకు దేశదేశములవారు వచ్చుచున్నారు. అవన్నియు నల్లరాతి బొమ్మలే. ఎనిమిది శతాబ్దములుగా ఆ నలుపును ఎవరును లోపమనలేదు. మన ఇంటి పిల్లకు మాత్రము ఆ మాట ఏల అనవలెను? ఇంటికి వచ్చిన చుట్టము "అయ్యో, ముఖమంతా ఇట్లయినదేమి?" అని పలుకరించినప్పుడు, ఆ పిల్ల ఆ రాత్రి అద్దము ముందు గోళ్ళతో ఏమి చేసికొనునో ఊహింపుడు. ఒక్క మాట మిగుల్చుకొనుటయు వైద్యమే.

మా మేనకోడలి ముఖము తేరుకొనుటకు ఒక సంవత్సరము పట్టినది. మొదటి రెండు నెలలు మిక్కిలి కష్టముగా గడచినవి. పూత మానినకొద్దీ పొక్కులు పొంగినవి, ఆమె కళాశాలకు పోనని ఏడ్చినది. వైద్యురాలు ముందుగనే హెచ్చరించియుండుటచే నిబ్బరముగా నుండగలిగితిమి. ఘాటులేని సబ్బు, పొడిబారకుండ ఒక లేపనము, ఎండకు కాపు, వేళకు నిద్ర - ఇంతే. చేసినదానికంటె చేయకుండ ఊరకున్నదే ఎక్కువ. మరుసటి సంవత్సరము సద్దులనాడు బతుకమ్మను తానే ఎత్తుకొని మాకంటె ముందు నడచినది. చెంపపై రెండు మచ్చలు నేటికిని కలవు. వానిని చూచినప్పుడెల్ల మాకు ఆ రెండవ ట్యూబు గుర్తునకు వచ్చును.

కావున పేరు వ్రాయని సోదరీ సోదరులకు మా జవాబిది. మీకు వచ్చినది సిగ్గుపడవలసిన వ్యాధి కాదు. చేతిని ముఖమునకు దూరముగా నుంచుడు. నూనెను నుదుటికి దూరముగా నుంచుడు. మూడు దినములలో అద్భుతము చేయు ట్యూబును ఇంటికే దూరముగా నుంచుడు. మంచి మందునకు మూడు నెలలు గడువిండు. ఈసారి ఉత్తరము వ్రాయునప్పుడు మీ పేరు కూడ వ్రాయుడు.